ఎన్ని మందులు కొట్టినా కాయలో పురుగు ఆగడం లేదు, ఏం చేయాలి?

తోటకొత్త
అందరికీ నమస్కారం. మాది కలగలుపు తోట. మామిడి ఎక్కువ, మామిడి సాళ్ళ మధ్య జామ, ఓ పక్కగా బొప్పాయి. ఈ కాపులో జామ సగానికి పైగా రాలిపోయింది. ఇప్పుడు మామిడిలో కూడా మొదలైంది. బయటికి కాయ బాగానే ఉంటుంది. దగ్గరగా చూస్తే సూదితో గుచ్చినట్టు చిన్న మచ్చ, దాని చుట్టూ కాస్త మెత్తబడి ఉంటుంది. కోస్తే లోపల తెల్ల పురుగులు. కొన్ని కాయలకు మాత్రం రంధ్రం ఉంది, లోపల పురుగు లేదు. ఇది చాలదన్నట్టు బొప్పాయి మీద తెల్లగా పిండిలాంటిది పట్టింది, ముట్టుకుంటే జిగురు.

మందులు మార్చి మార్చి కొడుతూనే ఉన్నాం. కొట్టిన రెండు రోజులు తగ్గినట్టు అనిపిస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే. రెండు మూడు మందులు కలిపి, డోసు పెంచి కొట్టమని ఒకరు చెప్పారు. అన్నిటికీ కలిపి పనిచేసే గట్టి మందు ఏదైనా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

పాతచెట్టు
ముందు ఆ కలిపి కొట్టే ఆలోచన మానుకోండి. మీరు రాసినదాన్ని బట్టి అక్కడ కనీసం మూడు వేర్వేరు పురుగులున్నాయి. మూడింటికీ సరిపడే మందు లేదు.

ఒక పని చేసి చెప్పండి. రాలిన కాయ కోసి, అందులోని పురుగుల్ని తెల్ల కాగితం మీద వేయండి. కాళ్ళున్నాయా, తల విడిగా కనిపిస్తోందా చూడండి. కాసేపు కదపకుండా వదిలేసి అవేం చేస్తాయో కూడా చూడండి. అలాగే పురుగు లేని కాయల రంధ్రం ఎలా ఉంది, అందులోంచి రసం కారుతోందా?

తోటకొత్త
చూశానండీ. కాళ్ళు లేవు. తల విడిగా లేదు. ఒక కొస సన్నగా, రెండో కొస మొద్దుగా ఉంది. వాటిలో పెద్దదొకటి ఒళ్ళంతా ముడుచుకుని ఒక్కసారిగా ఎగిరి కాగితం అవతల పడింది!

పురుగు లేని కాయలకు రంధ్రం గుండ్రంగా, చాలా చిన్నగా ఉంది. నొక్కితే రసం వస్తోంది. అవన్నీ పండబోతున్న కాయలే.

పాతచెట్టు
ఎగిరిందంటే అది పండు ఈగ పిల్ల. సీతాకోకచిలుకలు, రెక్కల పురుగుల పిల్లలైతే తల, కాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి, ఇలా ఎగరవు. రసం కారే కాయల సంగతి వేరు, దానికి తర్వాత వద్దాం.

మీ మందు ఎందుకు పనిచేయడం లేదో చెప్తాను. తల్లి ఈగ కాయ తోలు కింద గుడ్లు గుచ్చి పెడుతుంది. వేడి వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లో అవి పొదుగుతాయి. పిల్లలు గుజ్జు తింటూ వారం పది రోజులు లోపలే ఉంటాయి. పైన ఎంత మందు కొట్టినా ఆ గుజ్జులోకి చేరేది తక్కువ. చేరేంత గట్టి మందు కొడితే, అదే కాయను తర్వాత మనుషులు తింటారు. ఎదిగిన పిల్ల కాయలోంచి బయటపడి నేలలోకి దిగుతుంది. పైపైన రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతులో ప్యూపాగా (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే గూడు దశ) మారుతుంది. ఇంకో పది రోజులకు అటూ ఇటూగా కొత్త ఈగ బయటికొస్తుంది. అంటే గుడ్డు, పిల్ల, ప్యూపా మూడు దశల్లోనూ దానికి మీ స్ప్రే తగలదు. దొరికేది పెద్ద ఈగ ఒక్కటే. అది కూడా రోజంతా కాయ మీద కూర్చోదు. చుట్టుపక్కల పొదల్లో, గుబురు ఆకుల్లో తిరుగుతుంది. కొట్టిన రెండు రోజులు తగ్గినట్టు అనిపించింది ఆ కాస్త ఈగలు చచ్చినందుకే. నేలలోంచి కొత్తవి లేస్తూనే ఉంటాయి.

ఒక్క ఆడ ఈగ జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. అందుకని ఇవాళ మీరు చేయాల్సిన మొదటి పని రాలిన కాయలు ఏరడం. రాలినవే కాదు, చెట్టు మీద మెత్తబడి వేలాడుతున్నవి కూడా. ఒక్కటి వదలొద్దు.

తోటకొత్త
ఏరుతున్నాం సార్. గట్టు పక్కన పెంటకుప్పలో వేస్తున్నాం.

పాతచెట్టు
అక్కడే వస్తోంది చిక్కు. కుప్పలో వేస్తే పురుగు హాయిగా ఎదిగి, ఆ పక్క మట్టిలోకే దిగుతుంది. దళసరి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో నింపి, మూతి బిగించి కట్టి, మిట్ట ఎండలో వారం పది రోజులు వదిలేయండి. లోపలి వేడికే చస్తాయి. పాతిపెట్టేటట్టయితే రెండడుగుల లోతుకు తగ్గకూడదు, పైన మట్టి తొక్కి గట్టి చేయాలి. జానెడు గోతిలో పూడిస్తే పైకి వచ్చేస్తాయి.

చెట్ల కింద నేలను పైపైన తిరగేస్తే ప్యూపాలు ఎండకు, పిట్టలకు దొరుకుతాయి. వేర్లు తెగేంత లోతుగా దున్నొద్దు, జామకు అసలే వేర్లు పైన ఉంటాయి. తోటలో కోళ్ళను వదలగలిగితే ఆ పని అవే చేసిపెడతాయి.

బుట్టలబాబాయ్
పాతచెట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు లింగాకర్షక బుట్టలు, అంటే వాసనతో ఈగల్ని రప్పించి చంపేవి, పెట్టు తమ్ముడూ. మామిడి, జామ మీద వచ్చే పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎర. రెడీమేడ్‌గా దొరుకుతాయి. సొంతంగా చేసుకునేవాళ్ళు ఇథనాల్ 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4 పాళ్ళు, మలాథియాన్ పురుగుమందు 1 పాలు కలిపి, అందులో చిన్న ప్లైవుడ్ ముక్కల్ని రెండు మూడు రోజులు నానబెట్టి సీసాల్లో వేలాడదీస్తారు. హెక్టారుకు 10 బుట్టలు, రెండు నెలలకోసారి ముక్క మార్చడం. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు, ఇంట్లో చేయొద్దు.

కట్టేటప్పుడు గమనించాల్సినవి చెప్తా. ఎండ నేరుగా పడని చోట, మనిషి ఎత్తున కట్టాలి. వేలాడదీసిన తీగకు గ్రీజు రాయాలి, లేకపోతే చచ్చిన ఈగల్ని చీమలు మోసుకుపోతాయి. బుట్ట ఖాళీగా ఉంది కదా, ఈగ లేదు అనుకుంటాం. అలా అనుకుని మోసపోయినవాళ్ళు చాలామంది.

సందేహం
బాబాయ్ గారూ, మీ మాటకు అడ్డొస్తున్నానని అనుకోవద్దు. మా తోటలో బుట్టలు నిండిపోతాయి. దోసిళ్ళతో తీసి పారబోస్తాం. కాయలో పురుగు మాత్రం అంతే ఉంటుంది. బుట్టలు అమ్ముకోవడానికి తప్ప వీటివల్ల ఉపయోగం ఏమిటి?

బుట్టలబాబాయ్
నీ బుట్టలో పడ్డవన్నీ మగవే. మిథైల్ యూజినాల్‌కు వచ్చేది మగ ఈగ మాత్రమే. గుడ్డు పెట్టేది ఆడది. మిగిలిపోయిన ఒక్కో మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. కాబట్టి సగం మగవాటిని చంపితే నష్టం సగం తగ్గదు, అసలు తగ్గినట్టే కనిపించకపోవచ్చు. దాదాపు అన్నీ పోతేనే ఆడవాటికి జత దొరకదు.

ఎప్పుడు పెట్టావన్నది కూడా ముఖ్యం. కాయ రంగు తిరిగాక పెడితే అప్పటికే జతకట్టిన ఆడ ఈగలు తోటలో ఉంటాయి. కాయ సగం ఎదగకముందే బుట్టలు కట్టి ఉండాలి.

పాతచెట్టు
ఒక తోటలో ఒక్కరు పెట్టుకుంటే పూర్తి ఫలితం రాదు, సందేహం గారి అనుభవం అదే. ఈ మగ ఈగల్ని తుడిచిపెట్టే పద్ధతి మొదట గట్టిగా రుజువైంది ఒక దీవిలో. 1960ల్లో పసిఫిక్‌లోని రోటా దీవి మీద మిథైల్ యూజినాల్, పురుగుమందు పీల్చుకున్న అట్టముక్కల్ని విమానంలోంచి చల్లి పండు ఈగను పూర్తిగా లేకుండా చేశారు. దీవి కాబట్టి బయటి నుంచి కొత్తవి రాలేదు. మన తోటలకు నాలుగు పక్కలా సముద్రం లేదు, పక్కవాళ్ళ తోటలున్నాయి. మీ బుట్ట వాళ్ళ ఈగల్ని కూడా పిలుస్తుంది. పక్క తోటల వాళ్ళంతా కలిసి ఒకేసారి కడితే లెక్క మారుతుంది.

ఎరగా పనికిరాకపోయినా కొలతగా పనికొస్తుంది. వారానికోసారి బుట్టలో ఈగలు లెక్కపెట్టి రాసుకుంటే ఎప్పుడు పెరుగుతున్నాయో ముందే తెలుస్తుంది. నా మట్టుకు నేను బుట్టలు కట్టేది ముఖ్యంగా అందుకే.

(ఈ ఎర కథ పాతదే. సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు మూగుతున్నాయని హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త 1912లో రాశాడు. అందులో వాటిని పిలుస్తున్నది మిథైల్ యూజినాల్ అని తర్వాత తేలింది. తులసిలో కూడా ఉంటుంది. అందుకే తులసాకు నలిపి కట్టినా కొన్ని ఈగలు వస్తాయి, కాకపోతే ఆ వాసన ఎక్కువ రోజులు నిలవదు.)

సందేహం
సరే, మగవాటి సంగతి అర్థమైంది. మరి ఆడవాటికి ఏం పెట్టాలి?

పాతచెట్టు
తిండి. కొత్తగా పుట్టిన ఆడ ఈగకు గుడ్లు తయారవ్వాలంటే ప్రొటీన్ కావాలి. దానికోసం వెతుక్కుంటూ తిరుగుతుంది. ప్రొటీన్ ఎరలో కాస్త స్పినోసాడ్ లాంటి మందు కలిపినవి ఉంటాయి. వాటిని చెట్టంతా తడపకుండా, కాయలకు తగలకుండా, ఆకుల అడుగున, మొదలు మీద అక్కడక్కడ పెద్ద చుక్కలుగా పడేటట్టు కొట్టాలి. ఈగే వెతుక్కుని వచ్చి తిని చస్తుంది. మందు ఖర్చు తక్కువ, కాయ మీద అవశేషం ఉండదు, మిగతా మేలు చేసే పురుగులకు పెద్దగా హాని లేదు. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్ళీ కొట్టుకోవాలి. వారానికోసారి అనుకోండి.

వేపచెట్టు
ఇంత రసాయనాల గోల ఎందుకండీ? వేపనూనె కొడితే ఈగ దరికి రాదు. మేం అదే వాడుతున్నాం.

సందేహం
లోపలున్న పురుగు చస్తుందా?

వేపచెట్టు
చావదు. చస్తుందని నేను అనలేదు. గుడ్డు పెట్టకుండా ఆపుతుంది. ఎండకు దాని గుణం త్వరగా పోతుంది కాబట్టి సాయంత్రం పూట కొట్టాలి, మళ్ళీ మళ్ళీ కొట్టాలి. నూనె నీళ్ళలో కలవదు, సబ్బు నీళ్ళతో గిలక్కొట్టి తెల్లగా పాలలా అయ్యాకే ట్యాంకులో పోయాలి. ఎక్కువ చిక్కగా కొడితే లేత ఆకులు మాడతాయి. ఇవేవీ పాటించకుండా ఒకసారి కొట్టి వేప పనిచేయదు అనేవాళ్ళే ఎక్కువ.

రాత్రిటార్చ్
రసం కారుతున్న కాయల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. తోటకొత్త గారూ, చీకటి పడ్డాక ఓ గంట ఆగి టార్చ్ తీసుకుని తోటలోకి వెళ్ళండి. పండబోయే కాయల మీద వెలుగు వేయండి. పెద్ద రెక్కల పురుగులు కూర్చుని ఉంటాయి, కళ్ళు ఎర్రగా మెరుస్తాయి.

అవి రసం పీల్చే రెక్కల పురుగులు. మామూలు సీతాకోకచిలుకల గొట్టం మెత్తగా ఉంటుంది. వీటిది గట్టిగా, కొనన ముళ్ళతో ఉంటుంది, తోలు చీల్చుకుని లోపలికి దిగుతుంది. పురుగు లోపల ఉండదు. ఆ రంధ్రంలోంచి బూజు, పులుపు చేరి కాయ కుళ్ళుతుంది, ఆ కుళ్ళు వాసనకు మళ్ళీ వేరే ఈగలు వస్తాయి. పగటిపూట తోటలో వెతికితే ఏమీ దొరకదు.

దీని పిల్లలు పండ్ల చెట్ల మీద పెరగవు. తిప్పతీగ, దూసరతీగ లాంటి తీగల ఆకులు తిని పెరుగుతాయి. మీరు మామిడికి ఎంత మందు కొట్టినా దాని పిల్లకు తగలదు. కంచె వెంట, గట్ల మీద ఆ తీగలున్నాయేమో చూసి పీకించండి. దూరం నుంచి కూడా ఎగిరి వస్తాయి కాబట్టి పూర్తిగా ఆగవు. మిగిలినదానికి కాయలకు కవర్లే.

తోటకొత్త
నిన్న రాత్రి వెళ్ళి చూశానండీ. నిజంగానే కళ్ళు మెరిశాయి! నారింజ రంగు కింది రెక్కలు, నల్ల మచ్చలు. చేత్తోనే కొన్ని పట్టుకున్నాం. కంచె నిండా తిప్పతీగ అల్లుకుని ఉంది. మందుకు పనికొస్తుందని మా పెద్దమ్మ దాన్ని కొట్టనివ్వదు.

రాత్రిటార్చ్
పెద్దమ్మ గారికి ఇంటి దగ్గర కుండీలో ఒక తీగ పెట్టి ఇవ్వండి, దాని ఆకుల మీద పురుగు కనిపిస్తే ఆవిడే ఏరేస్తారు. కంచె మీదది తీసేయండి.

పాతచెట్టు
కవర్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. జామకు కవరు తొడిగినంత మేలు ఇంకేదీ చేయదు. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే తొడగాలి. మామిడికి కోడిగుడ్డు సైజు దాటాక. ఆలస్యమైతే ఈగ అప్పటికే గుచ్చేసి ఉంటుంది, అప్పుడు మనం పురుగును భద్రంగా లోపల పెట్టి మూసినట్టు. కాగితం కవర్లు, గుడ్డలాంటి నాన్‌వోవెన్ కవర్లు మంచివి. మామూలు పాలిథిన్ వాడితే లోపల చెమ్మ పట్టి కాయ కుళ్ళుతుంది, వాడక తప్పకపోతే అడుగున రంధ్రాలు చేయండి. మూతి తొడిమె దగ్గర బిగుతుగా ఉండాలి. పెద్ద మామిడి చెట్లకు ఇది కుదిరే పని కాదు, మనుషులు ఎక్కలేరు. అందుకే చెట్టును ఎత్తు పెరగనివ్వకుండా కోత అయ్యాక కత్తిరించుకోవాలంటాను.

బొప్పాయిరైతు
బొప్పాయి మీద తెల్లగా పట్టింది పిండినల్లి. తోటకొత్త గారు దాని మీద కూడా మందులు కొట్టారా?

తోటకొత్త
కొట్టాం. సింథటిక్ పైరెత్రాయిడ్ ఏదో. కొట్టాక ఇంకా ఎక్కువైంది, అదే అర్థం కాలేదు.

బొప్పాయిరైతు
ఎక్కువవుతుంది మరి. పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, గుడ్లు దూదిలాంటి సంచిలో ఉంటాయి. మందు దానికి సరిగా తగలదు. దాన్ని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, బదనికలు (నల్లి ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని చంపే సన్నటి కందిరీగలు) మాత్రం ఆ మందుకు ముందే చస్తాయి. అదుపు చేసేవాళ్ళు పోయాక నల్లి ఇష్టారాజ్యం. పొలుసు పురుగులు, ఎర్రనల్లుల విషయంలోనూ ఇదే జరుగుతుంది.

బొప్పాయి పిండినల్లి చరిత్ర తెలిస్తే మందు జోలికి పోరు. దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడ దాన్ని అదుపులో ఉంచే సన్నటి కందిరీగలున్నాయి కాబట్టి పెద్ద సమస్య కాదు. వాటిని వదిలేసి ఒంటరిగా వేరే దేశాలకు పాకినప్పుడే తోటలు ఎండిపోయాయి. భారత్‌లో 2008లో బయటపడింది. బొప్పాయితో ఆగలేదు, మల్బరీ, కర్రపెండలం కూడా దెబ్బతిన్నాయి. మందులతో ఎవరూ గెలవలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే బదనికను, దాంతోపాటు మరో రెండు రకాల్ని తెప్పించి పెంచి వదిలారు. మిల్లీమీటరు కూడా ఉండని ఆ కందిరీగ నల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. కొద్ది నెలల్లోనే నల్లి అదుపులోకొచ్చింది.

ఇప్పుడు మీ చెట్లమీద ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, చిన్న గుండ్రటి రంధ్రం ఉన్న నల్లులు కనిపిస్తే బదనిక ఇప్పటికే ఉన్నట్టు. ఆ ఆకుల్ని తీసి తగలబెట్టొద్దు. మరీ ఎక్కువ పట్టిన ఆకులు మాత్రం కోసేయండి, మిగతా చోట్ల గట్టి ధారతో నీళ్ళు కొట్టండి, ఓపిక పట్టండి.

చీమలదండు
పిండినల్లి ఉన్నచోట చీమలుంటాయి. ముందు వాటి దారి కత్తిరించండి. నల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, బదనికల్ని, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చెట్టు మొదలుకు ఓ అడుగు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ చుట్టి, దానిపైన గ్రీజు పూయండి. గ్రీజు నేరుగా బెరడుకు పూయొద్దు, బెరడు చెడుతుంది. నేలను తాకే కొమ్మల్ని కత్తిరించండి, లేకపోతే అవే నిచ్చెన.

మామిడి మీద వచ్చే పెద్ద పిండినల్లికి కూడా ఈ పట్టీయే మందు. దాని గుడ్లు మొదలు చుట్టూ మట్టిలో ఉంటాయి. పొదిగిన పిల్లలు నడిచే పైకెక్కాలి, పట్టీ దగ్గర ఆగిపోతాయి.

వేపచెట్టు
చీమలన్నీ చెడ్డవి కావండీ. ఆకులు కలిపి గూళ్ళు కట్టే ఎర్ర చీమల్ని తోటకు కావలి పెట్టుకోవడం పురాతన పద్ధతి. క్రీ.శ. 4వ శతాబ్దం నాటివిగా చెప్పే చైనా రాతల్లో నారింజ తోటల కోసం ఈ చీమల గూళ్ళను సంతలో అమ్మేవాళ్ళని ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో మామిడి, జీడిమామిడి తోటల్లో కూడా దీని మీద పని జరిగింది. చీమ తిరిగిన కాయ మీద మిగిలిన వాసనకే పండు ఈగ గుడ్డు పెట్టడం తగ్గిస్తుందని ఆఫ్రికాలోని బెనిన్ మామిడి తోటల్లో చూశారు.

చీమలదండు
కాదనను. ఆ ఎర్ర చీమలు కూడా పిండినల్లిని, పొలుసు పురుగుల్ని పెంచుతాయి. కోతకు ఎక్కిన మనిషిని కుట్టి దింపేస్తాయి. మా వాళ్ళు ఆ చెట్టెక్కమంటే ఎక్కరు.

వేపచెట్టు
కోత ముందు కొమ్మల మీద నీళ్ళు చల్లితే కాసేపు సర్దుకుంటాయి. నేను చెప్పేది, పండు ఈగ ఎక్కువగా ఉండి, పిండినల్లి లేని చెట్లయితే వాటిని ఉంచుకోవచ్చు అని. బొప్పాయి దగ్గర అక్కర్లేదు.

చీమలదండు
అలా అయితే సరే. ఏ చెట్టు మీద ఏ చీమ ఉందో చూసుకోవాలి.

నిర్వాహకులు
చర్చ బాగా సాగుతోంది, ఒక్క మాట గుర్తుచేయాలి. పై పోస్టుల్లో మందుల పేర్లు వచ్చాయి. మీ పంటకు, మీ ప్రాంతంలో ఆ మందుకు అనుమతి ఉందో లేదో చూసుకుని, డబ్బా మీద రాసిన డోసే వాడండి. చివరిసారి మందు కొట్టిన రోజుకూ కాయ కోసే రోజుకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో కూడా డబ్బా మీదే ఉంటుంది. కోతకు దగ్గరపడ్డ కాయ మీద కొట్టి రెండో రోజు కోసి పంపడం నేరం కిందే లెక్క. రెండు మూడు మందులు కలిపి కొట్టమని సలహా ఇచ్చే పోస్టుల్ని తొలగిస్తాం.

మామిడిపూత
మధ్యలో వచ్చి అడుగుతున్నా, మన్నించండి. మా మామిడికి పూత మీద బంకలా కారుతోంది, ఆకులు నల్లగా మసిబారాయి. పూత మాడి రాలుతోంది. ఇది కూడా పిండినల్లేనా?

పాతచెట్టు
కాదు, తేనెమంచు పురుగు. కొమ్మ తడితే టపటపా ఎగిరి చప్పుడు చేస్తూ పక్క ఆకుల మీద వాలతాయి చూడండి. రసం పీల్చి బంక విసర్జిస్తాయి, ఆ బంక మీద మసి పెరుగుతుంది. గాలి, వెలుతురు ఆడని గుబురు చెట్లలో ఎక్కువ. కాపు అయ్యాక లోపలి కొమ్మలు తీయించండి. మందు కొట్టాల్సి వస్తే పూమొగ్గ బయటికొచ్చేటప్పుడు, మళ్ళీ పిందె పట్టాక. పూత విచ్చుకుని ఉన్నప్పుడు వద్దు. మామిడిలో పుప్పొడి చేరవేసేది తేనెటీగలే కాదు, రకరకాల ఈగలు కూడా. వాటిని చంపుకుంటే పిందె పట్టదు. ఏటా అదే గ్రూపు మందు వాడితే పురుగుకు నిరోధకత వస్తుంది, గ్రూపు మార్చండి. బ్రాండు మారిస్తే చాలదు, లోపలి మందు మారాలి. వివరంగా కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

సందేహం
కోసేసిన కాయల్లో అప్పటికే గుడ్లు ఉంటే? ఎగుమతి చేసేవాళ్ళు వేడినీళ్ళలో ముంచుతారని విన్నాను.

పాతచెట్టు
అవును. మామిడిని 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాలు ఉంచడం ఒక పద్ధతి. మెక్సికో లాంటి దేశాల నుంచి అమెరికాకు వెళ్ళే మామిడికి 46.1 డిగ్రీల దగ్గర, కాయ రకం, బరువును బట్టి 65 నుంచి 110 నిమిషాల దాకా ఉంటుంది. చూడ్డానికి తేలిక. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే కాయ ఉడుకుతుంది. నీరంతా ఒకే వేడిలో తిరుగుతూ ఉండాలి. ముదరని కాయ తోలు మచ్చలు పడుతుంది. ఇంటి దగ్గర డ్రమ్ములో పొయ్యి పెట్టి చేసే పని కాదు.

టెంక పురుగుకు ఇది నమ్మదగిన పరిష్కారం కాదు, అది టెంక లోపల భద్రంగా ఉంటుంది. దానికి రాలిన కాయలతో పాటు టెంకలు కూడా ఏరి నాశనం చేయాలి. ఏడాదికి ఒకే తరం కాబట్టి ఒక్క ఏడాది శ్రద్ధగా చేసినా మరుసటి కాపులో తేడా కనిపిస్తుంది.

తోటకొత్త
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ థ్యాంక్స్. కాయలు ఏరి సంచుల్లో కడుతున్నాం. రోజూ చేయాల్సి రావడం కష్టంగానే ఉంది, కూలీలు విసుక్కుంటున్నారు. రెండో విడత జామకు కవర్లు తొడిగాం, తొడిగినవాటిలో పురుగు దాదాపు లేదు, తొడగనివాటిలో ఉంది. పక్క తోటల్లో ఇద్దరు బుట్టలు పెట్టడానికి ఒప్పుకున్నారు, మూడో ఆయన నవ్వి ఊరుకున్నాడు. బొప్పాయి మీద రంధ్రాలున్న నల్లులు కనిపించాయి, మందు ఆపేశాం.

ఇప్పుడు కొత్త సమస్య. పాత మామిడి చెట్టొకటి, మొదలు దగ్గర రంపం కోసిన పొట్టులాంటిది రాలుతోంది. ఒక కొమ్మ ఆకులు వాడిపోతున్నాయి.

రాత్రిటార్చ్
మూడో ఆయన్ని ఓ రాత్రి మీ తోటలోకి టార్చ్ పట్టుకుని రమ్మనండి, నవ్వు ఆగిపోతుంది.

పాతచెట్టు
కాండం తొలిచే పురుగు. పొడుగు మీసాల పెద్ద పెంకు పురుగు బెరడు పగుళ్ళలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల వేలంత లావు ఎదిగి నెలల తరబడి చెక్కలోనే ఉంటుంది. చెట్టు మొత్తం మీద మందు కొట్టి లాభం లేదు. తాజా పొట్టు ఏ రంధ్రంలోంచి వస్తోందో వెతకండి. పాతవి చాలా ఉండొచ్చు, తడిగా, లేత రంగు పొట్టు ఉన్నది పనిలో ఉన్న రంధ్రం. లోపలి పొట్టంతా గీకి తీసి, సైకిల్ చువ్వలాంటి గట్టి తీగ వంపు తిరిగినంత మేర దూర్చండి. పురుగు తగిలితే తీగ కొనకు తడి అంటుతుంది. తర్వాత పెట్రోల్‌లో ముంచిన దూది లోపలికి కూరి, తడి మట్టితో రంధ్రం మూయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఎవరూ వెలిగించకుండా చూసుకోండి. పూర్తిగా ఎండిన కొమ్మను కోసి తగలబెట్టండి, తోటలో పడేయొద్దు.

తోటకొత్త
చేశాను సార్. చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాతచెట్టు
మొదలు చుట్టూ నేల ఊడ్చి పాత గోనెసంచి పరవండి. వారం దాకా దాని మీద కొత్త పొట్టు పడకపోతే చచ్చినట్టే. పడితే ఆ పైనో కిందో ఇంకో రంధ్రం ఉంది, బెరడు చుట్టూ మళ్ళీ వెతకండి.